బోర్డు మీద పేరు

మా హనుమాన్ జంక్షన్లో మొదటిసారి రైలు దిగినవాళ్ళు కాసేపు తికమకపడతారు. ప్లాట్‌ఫాం మీద పసుపు బోర్డు నూజివీడు అంటుంది. బయటికొచ్చి ఫలానా వీధికి ఎటు వెళ్ళాలని అడిగితే ఆటోవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. నూజివీడు ఊరు ఇంకా 20 కిలోమీటర్ల దాకా ఉంది. ఇది బాపులపాడు మండలం. స్టేషను ఇక్కడ, పేరు అక్కడిది. రసాలకూ బంగినపల్లికీ పేరుమోసిన ఊరు కదా, బోర్డెక్కే యోగం దానికే పట్టిందని మేం సరిపెట్టుకుంటాం.

ఈ మండలంలోని ఊళ్ళలో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదువు చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఎన్ని శిక్షణలకు హాజరయ్యానో ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, కాళ్ళ వేళ్ళు కలుపుకున్నా చాలక మానేశాను. ప్రతిసారీ గుమ్మానికి బ్యానరు కట్టేవారు. శిశు కేంద్రిత విద్య. కృత్యాధార బోధన. ఆనందదాయక అభ్యసనం. లోపలికెళ్ళి కూర్చుంటే తొమ్మిదిన్నరకు సంతకం, పదకొండుకు టీ, ఒంటిగంటకు భోజనం. బ్యానరు మీద రాసిన ఊరికీ మేం దిగిన స్టేషనుకీ దూరమెంతో ఎవరూ కొలిచినట్టు లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దీని మీద జోకులేసుకున్నాం. ఖాళీగా కూర్చున్నాక అది జోకులా తోచడం లేదు. టీచరుకు ఏదో నేర్పితే పిల్లకు ఏదో మేలు జరుగుతుందని నమ్మి ఇంత పెద్ద ఏర్పాటు చేసుకున్నాం. పిల్లకు జరిగిందేమిటో మనకు తెలిసే దారి అసలుందా?

మాటల దగ్గరే చిక్కు మొదలవుతుంది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం, నేర్చుకోవడం. మన నోట్లో పడేసరికి అది దండన అయింది. నేర్పే పనికి శిక్షణ అనే మాట మిగుల్చుకున్నాం. ఢిల్లీవాళ్ళు 2001లో సర్వ శిక్షా అభియాన్ అన్నారు, 2018 నుంచి సమగ్ర శిక్ష అంటున్నారు. హిందీ చెవికి అది చదువు. మా స్టాఫ్ రూములో మాత్రం ఆ పేరున కాగితం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఇంతకు ముందు అందరికీ వేశారు, ఇప్పుడు పూర్తిగా వేస్తున్నారు" అనేవారు. నవ్వేవాళ్ళం. నవ్వొచ్చేది ఎందుకంటే అందులో అబద్ధం లేదు కనక. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, చెవి మెలిపెట్టడం, మోకాళ్ళ మీద నిలబెట్టడం, వెనకటి వీధిబడుల్లో అయితే దూలానికి వేలాడదీసే కోదండం. బడి దండనకు తెలుగులో ఇన్ని పేర్లున్నాయి. బడిలో దొరికే సంతోషానికి పేరు చెప్పండంటే ఎవరికైనా ముందు తట్టేవి సెలవు, లాంగ్ బెల్లు, ఇంటర్వెల్. మూడూ బడి ఆగిపోయే ఘడియల పేర్లే.

అనుభవం అనే మాటా అంతే. టీచరుకైతే అది సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఇరవయ్యేళ్ళ అనుభవం, ఇంక్రిమెంటు, సీనియారిటీ. అదే మాట పిల్లవాడి మీద వాడితే ఎలా ఉంటుందో చూడండి: "చదవకపోతే తర్వాత నువ్వే అనుభవిస్తావురా." పెద్దవాళ్ళకు అర్హత, పిల్లలకు శాపం. అయిదేళ్ళు మా బడిలో గడిపిన పిల్లకు అయిదేళ్ళ అనుభవం ఉన్నట్టే లెక్క. ఆ అనుభవాన్ని ఆధారం చేసుకుని ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు.

ఎవరూ అంటే పూర్తిగా నిజం కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో మన ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మంది పిల్లలను ఎంచుకుని ఏళ్ళ తరబడి వెంట నడిచింది. అదే 2002 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో పిల్లలను కొట్టడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఏడేళ్ళ తర్వాత, 2009లో, ఆ పరిశోధకులు ఎనిమిదేళ్ళ పిల్లలను కూర్చోబెట్టి గడిచిన వారంలో టీచరు కొట్టారా అని అడిగారు. నూటికి 78 మంది కొట్టారన్నారు. పదిహేనేళ్ళవాళ్ళలో అయితే 34 మంది. తిరగబడే వయసు వచ్చేసరికి దెబ్బలు సగానికి పైగా తగ్గాయన్నమాట. దీన్నిబట్టి దెబ్బకీ క్రమశిక్షణకీ ఉన్న సంబంధమెంతో, దెబ్బకీ ఎత్తుకీ ఉన్న సంబంధమెంతో మీరే తేల్చుకోండి. బడి ఎందుకు ఇష్టం లేదని ఎనిమిదేళ్ళవాళ్ళను అడిగితే అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు కూడా అదే: కొడతారు, తిడతారు.

ఈ అంకె ఒక స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఎవరో చదివి వినిపించారు. నిశ్శబ్దం అయిపోతుందనుకున్నాను. అవలేదు. నాలుగు మూలల నుంచీ ఒకే మాట: "మేం దెబ్బలు తినే కదండీ బాగుపడ్డాం." నేనూ తలాడించాను. ఇంటికొచ్చాక ఆ వాక్యం వదల్లేదు. దాన్ని తిప్పి తిప్పి చూశాను. మా గదిలో కూర్చుని ఆ మాట అన్నవాళ్ళందరూ ప్రభుత్వోద్యోగులు. ఏరు దాటినవాడు ఒడ్డున నిలబడి లోతేం లేదంటున్నాడు. అదే దెబ్బలు తిని మూడో తరగతిలో గేదెల వెంట వెళ్ళినవాడు, నాలుగులో తోటకాపలాకు చేరినవాడు ఆ మీటింగులో లేడు. ఉండడు. అతన్ని పిలవరు. బాగుపడ్డవాళ్ళే సాక్షులైన చోట దెబ్బ ఎప్పటికీ నిర్దోషిగా బయటపడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. దెబ్బ తిన్నందువల్ల బాగుపడ్డామా, తిన్నా బాగుపడ్డామా అనేది మాలో ఎవరికీ తెలిసే వీల్లేదు. దెబ్బలు తినని మరో నేను ఎక్కడా పెరిగి పెద్దవాడవలేదు, పక్కన నిలబెట్టి పోల్చి చూసుకోవడానికి.

చలం బడులు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. పిల్లల పెంపకం మీద 'బిడ్డల శిక్షణ' రాసిందీ ఆయనే. మా తరం టీచర్లలో ఆయన ప్రేమ కథలను రహస్యంగా చదవనివాడు అరుదు. ఈ పుస్తకాన్ని బహిరంగంగా చదవవచ్చు. చదివినవాడే అరుదు.

పిల్లకు జరిగిందేమిటో పిల్లనే అడిగి తెలుసుకోవచ్చు కదా అంటారు. అడగడం ఎంత పెద్ద వ్యవహారమో మనకు పోతన భాగవతం ఏనాడో చెప్పింది. హిరణ్యకశిపుడు కొడుకు ప్రహ్లాదుణ్ణి గురువుల దగ్గర్నుంచి పిలిపించుకుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చదివినదాంట్లో నీకు నచ్చింది చెప్పు నాయనా అంటాడు. ఎంత ముద్దొచ్చే ప్రశ్న! తెలుగులో ఇంత పేరున్న విద్యా మూల్యాంకనం మరొకటి లేదు. పిల్లవాడు నిజంగానే తనకు నచ్చింది చెప్పాడు. ఏమైంది? తండ్రికి కోపం వచ్చింది, ఆ కోపం ముందు గురువుల మీద పడింది. చండామార్కులు వణికిపోయి, ఇది మేం నేర్పింది కాదు ప్రభూ, వాడికి పుట్టుకతో వచ్చిన బుద్ధి అన్నారు. భక్తి సంగతి పక్కన పెట్టి బడి సంగతిగా ఈ ఘట్టం చదివి చూడండి. నచ్చింది చెప్పమన్నవాడికి కావలసిన జవాబు ముందే ఒకటుంది. పిల్లవాడు అది చెప్పకపోతే తప్పు టీచరుది. టీచరు తప్పించుకోవాలంటే తప్పు పిల్లవాడి పుట్టుకది. మా స్టాఫ్ రూముల్లో "వాడి తల రాత అంతేనండీ" అన్న మాట విన్నప్పుడల్లా నాకు చండామార్కులే కనిపించేవారు. ప్రహ్లాదుడంతటి మొండివాడు కనక ఉన్నదున్నట్టు చెప్పాడు. మామూలు పిల్లలు తండ్రి మొహం చూసి నీతిశాస్త్రం నచ్చిందని చెప్పి ఒళ్ళోంచి దిగిపోయి ఉండేవారు.

నా ఉద్యోగం కొత్తలో మా మీదికి వచ్చిన పెద్ద కెరటం ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో కొన్ని బడుల్లో మొదలై, 1990లలో రాష్ట్రమంతా పాకింది. గదులు కట్టారు, ఊళ్ళ మధ్య టీచర్ సెంటర్లు పెట్టారు, మా అందరికీ ఆరు సూత్రాలు నేర్పారు. కృత్యాలు టీచరే తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, వెతికి, ప్రయోగించి నేర్చుకోవాలి. ఒంటరిగానూ, జట్టుగానూ, తరగతి మొత్తంగానూ పని చేయించాలి. పిల్లకూ పిల్లకూ ఉన్న తేడాను పట్టించుకోవాలి. చుట్టూ ఉన్న పరిసరాలనే పాఠం చేసుకోవాలి. పిల్లలు చేసినవి గోడల మీద ప్రదర్శించి తరగతిని ఆసక్తిగా ఉంచాలి. ఇప్పటికీ నిద్రలో అడిగినా చెప్తాను. ఆరూ మంచివే. వాటిని వెక్కిరించేవాళ్ళతో నాకు స్నేహం లేదు. చింతపిక్కలతో కూడికలు, ఎండిన మామిడి టెంకలతో పదులు కట్టించిన రోజుల్లో మా మూడో తరగతి గదిలో వినిపించిన చప్పుడు, అంతకు ముందు ఎక్కాల చప్పుడులా లేదు. అది సంతలో బేరం చప్పుడులా ఉండేది. నాకు నచ్చింది.

పిల్లలు వేసిన బొమ్మలను కట్టడానికి గదికి అడ్డంగా పురికొసలు కట్టించారు. రోజూ కొత్తవి మార్చాలని నియమం. మార్చేవాళ్ళం కాదు. తనిఖీ టీమ్ వస్తుందని కబురొచ్చిన ముందురోజు సాయంత్రం మార్చేవాళ్ళం. ఒకరోజు నేను బల్ల మీదెక్కి కొత్త కాగితాలు కడుతుంటే, నాలుగో తరగతి పిల్లవాడు కింద నిలబడి అంటించే జిగురు అందిస్తూ, "ఎవరొస్తన్నారు సార్?" అన్నాడు.

వాడు వెటకారంగా అనలేదు. మామూలుగా అడిగాడు. బొమ్మలు కడుతున్నారంటే ఎవరో వస్తున్నారన్నది వాడికి వానకు ముందు మబ్బులా సహజమైన సంగతి. తన బొమ్మ గోడకెక్కడం తన కోసం కాదని వాడు ఎప్పుడో గ్రహించాడు. ఆ తెలివిడి మా ఆరు సూత్రాల్లో ఏ సూత్రం కిందికి వస్తుంది?

ఆ పథకం ఫలితమేమిటో తేల్చే పనిలో ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కోలిన్ లేసీ, బారీ కూపర్, హ్యారీ టోరెన్స్ పాలుపంచుకున్నారు. 1993లో ఒక బ్రిటిష్ విద్యా పరిశోధన పత్రికలో వాళ్ళు రాసిన వ్యాసం శీర్షికలోనే మూల్యాంకనపు రూపకల్పనలో, విశ్లేషణలో వచ్చే సమస్యల ప్రస్తావన ఉంది. పరిశోధకులు తమ చిక్కులను శీర్షికకు ఎక్కించడం నాకు గౌరవంగా తోచింది. మా సమీక్షల్లో సమస్యలకు ఎప్పుడూ చివరి పేజీయే దక్కేది, అదీ చోటు మిగిలితే. శిక్షణ అందుకున్న టీచరు, అందుకోని టీచరు, ఆ ఇద్దరి పిల్లలు, మధ్యలో ఊరు, కులం, వాన, వరికోతలు, మామిడి కాపు. ఇందులో ఏ పోగు లాగితే ఏది కదిలిందో ఎలా చెప్పాలి? వాన కొలిచే గొట్టం పెట్టినట్టు పిల్ల ఆనందానికి ఒక గొట్టం పెట్టగలమా? పెట్టినా, బయటినుంచి కారులో వచ్చిన పెద్దమనిషి "బడి ఇష్టమేనా పాపా" అని అడిగితే మా పిల్లలు చెప్పే జవాబు ఒక్కటే. "ఇష్టమేనండి." అది జవాబు కాదు, మర్యాద.

శిక్షణ హాల్లో నేను చూసిన ఒక సంగతి చెప్పి తీరాలి. నా దృష్టిలో ముప్పయ్యేళ్ళ శిక్షణల్లో దొరికిన అసలు పాఠం అదే, దాన్ని ఎవరూ సిలబస్‌లో పెట్టలేదు. హాల్లోకి వెళ్ళిన పది నిమిషాల్లో మేమందరం పిల్లలమైపోయేవాళ్ళం. బోధన కోసం కాదు, నిజంగానే. వెనక బెంచీల కోసం తొందరపడేవాళ్ళం. పేపరు మడిచి పుస్తకంలో పెట్టుకునేవాళ్ళం. చిటికెన వేలు చూపించకపోయినా అదే మొహం పెట్టి బయటికి వెళ్ళడానికి అనుమతి అడిగేవాళ్ళం. అర్థమైందా అంటే అయిందనేవాళ్ళం. ఎంఈఓ గారు గుమ్మంలో కనబడితే వెన్నులు నిటారుగా లేచేవి. ఒకసారి రిసోర్స్ పర్సన్, మాలో పెద్దాయనను, రిటైర్మెంటుకు దగ్గర పడిన హెడ్‌మాస్టరును, పుల్లలతో తీసివేత చేసి చూపించమని ముందుకు పిలిచాడు. ఆయన బడిలో ఆయన గొంతు వింటే కాకులు వాలేవి కావు. ఆ రోజు ఆయన వేళ్ళు వణికాయి. పదుల కట్ట విప్పడం మర్చిపోయి ఒకట్లలోంచి తీసేయబోయారు. "పర్లేదు లెండి మాస్టారూ" అన్నాడు కుర్ర రిసోర్స్ పర్సన్. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన వచ్చి కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. భోజనం తర్వాత సెషన్‌కు రాలేదు.

అక్కడ ఆగి ఉంటే ఎంత బావుండేది. ఇప్పుడు మనందరికీ ఎలా ఉంది, మాస్టారికి ఎలా ఉండి ఉంటుంది, రేపు మన తరగతిలో ఎవరికి ఇలా ఉండబోతోంది అని ఒక్కరు అడిగి ఉంటే. కానీ టైంటేబుల్లో తర్వాత అంశం 'అభ్యాసకుని స్వీయ గౌరవం'. చార్టు తగిలించారు.

సోమవారం బడికి వెళ్తే ఆ పెద్దాయన ఎప్పటిలాగే బెత్తం పట్టుకున్నారని తెలిసింది. ఇది నన్ను చాలాకాలం తొలిచింది. అవమానం ఎలా ఉంటుందో శుక్రవారం మధ్యాహ్నం ఒళ్ళంతా తెలిసిన మనిషికి, సోమవారం పొద్దున అది ఎందుకు పనికిరాలేదు? మనిషి తను పడ్డదాన్నిబట్టి ఎదుటివాడి బాధ తెలుసుకుంటాడని మనం తేలిగ్గా నమ్ముతాం. నేను ఇప్పుడు నమ్మను. ప్రతి టీచరూ ఒకప్పుడు పిల్లవాడే. ఆ జ్ఞాపకమే చాలినదైతే బడులు ఎప్పుడో బాగుపడాలి. పడ్డ బాధ తనంతట తను దయగా మారదు. ఎవరో పక్కన నిలబడి దానికి పేరు పెట్టి చెప్పాలి. పేరు పెట్టకపోతే అది పులిసి పగ అవుతుంది, లేకపోతే గర్వమవుతుంది. "మేం దెబ్బలు తినే బాగుపడ్డాం" అన్నది ఆ గర్వమే.

మనసు, అవమానం వంటి కొలతకందని వాటిని వదిలేసి, కొలవగలిగేవి కొలుద్దాం అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు మన ప్రాంతంలో పాత వంశవృక్షమే ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో మన వీధిబడులకు ఫలితాలనుబట్టి గ్రాంటు ఇచ్చేవారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించేవాడు, పాసైన తలలను లెక్కగట్టి పంతులుకు డబ్బు ముట్టేది. ఇంగ్లండులో 1862లో మొదలైన పద్ధతి అది. దాదాపు శతాబ్దంన్నర తర్వాత 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో ఆ పాత ప్రశ్ననే కొత్త పద్ధతిలో పరీక్షకు పెట్టారు. చీటీలు తీసినట్టు బడులను ఎంచి, కొన్ని బడుల్లో పిల్లల సగటు మార్కులు అయిదు శాతాన్ని దాటి పెరిగిన ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయల బోనసు ఇచ్చారు. రెండేళ్ళయ్యేసరికి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లలకన్నా స్పష్టంగా ముందున్నారు.

నాకు ఈ ఫలితం నచ్చలేదు. నచ్చకపోవడం దాన్ని తోసిపుచ్చడానికి కారణం కాదు. లెక్కలకూ భాషకూ బోనసు పెడితే సైన్సు, సోషల్ ఎండిపోతాయని నేను ఊహించాను. అవి కూడా మెరుగుపడ్డాయని తేలింది. ఇంకా గుచ్చుకున్నది మరొకటి. మామూలు బడుల్లో టీచరు చదువుకీ శిక్షణకీ పిల్లల ప్రగతితో చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. బోనసున్న బడుల్లో మాత్రం ఎక్కువ శిక్షణ పొందిన టీచరు పిల్లలు ఎక్కువ ముందుకు వెళ్ళారు. అంటే మా శిక్షణ బుర్రలోనే ఉంది, బయటికి తీసే అవసరం మాకు కలగలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. డబ్బు కోసం పనిచేశారని ఆ టీచర్లను చిన్నచూపు చూడబోతే, జీతం తీసుకుని నేను కట్టని బొమ్మలు గుర్తొస్తాయి.

అదే పరిశోధకులు మరో వంద బడుల్లో బోనసు లేకుండా ప్రయత్నించారు. పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి టీచర్లకు ఇచ్చారు, అప్పుడప్పుడూ వచ్చి తరగతులు చూశారు. చూస్తున్నప్పుడు టీచర్లు బాగానే చెప్పారట. పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. ఇది చదివినప్పుడు ఇంగ్లీషు పత్రికలోంచి నా నాలుగో తరగతి పిల్లవాడి గొంతే వినిపించింది. ఎవరొస్తన్నారు సార్?

మా వైపు శిక్షణలిచ్చేవాళ్ళకు ఒక ఉపమానం మీద విపరీతమైన మోజు. మామిడి తోటల నేల కదా, "మీరు తోటమాలులు, పిల్లలు మొక్కలు" అనకుండా ఏ ప్రారంభోత్సవమూ జరిగేది కాదు. వినీ వినీ చికాకొచ్చి, ఒక వేసవిలో ఆగిరిపల్లి దారిలో తోట కౌలుకు చేసే రైతుతో ఈ మాట అంటే ఆయన నవ్వాడు. "మేం టెంక పెట్టి తోట వేస్తామా మాస్టారూ? అంటు మొక్క తెచ్చి నాటతాం. అది బంగినపల్లో రసమో ముందే తెలుసు. టెంక మొలిస్తే ఏ రుచి కాస్తదో కాసిందాకా తెలవదు, ఆ జూదం మేమాడం" అన్నాడు. రైతుకు ఏ కాయ కావాలో ముందే తెలుసు. అందుకే అంటు కడతాడు. మా ముందు కూర్చున్నవన్నీ టెంక మొలకలు. ఆ జూదం ఆడక తప్పని పని మాది. తోటమాలి ఉపమానంలో పిల్ల రుచి ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. బోనసు లెక్కలోనూ అంతే. చాలా మంచి బడుల్లోనూ అంతే అనుకుంటాను. ఆ తర్వాత ఎవరు తోటమాలి అన్నా నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

మరి ఏం కావాలంటావు అని ఒక పాత మిత్రుడు కసిరాడు. శిక్షణలు ఎత్తేయమంటావా, పరిశోధనలు మానేయమంటావా? అలా అనను. 78 అనే అంకె లేకపోతే ఆ మీటింగులో మేం మా గర్వాన్ని బయటపెట్టుకునేవాళ్ళమే కాదు. అంకె తలుపు తడుతుంది. లోపల ఎవరున్నారో మాత్రం అది చెప్పదు. 1989లో ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగాన్ని పిల్లల పుస్తకాల సంచీ బరువుకు కేటాయించాడు. నాలుగేళ్ళకు యశ్‌పాల్ కమిటీ నివేదిక వచ్చింది, సంచీ బరువుకన్నా అర్థంకాకపోవడమే పిల్లకు పెద్ద బరువని తేల్చింది. బరువు కనిపెట్టింది ఒక కథకుడు. తూకం వేసింది శాస్త్రవేత్త. ఇద్దరూ కావాలి. కానీ ఆ వరస చూడండి. ముందు ఎవరో ఒకరు ఒక పిల్ల వీపును చూశారు.

నేను చూడలేదు. ఇది ఎవరి మీదా వేసే నేరం కాదు, నాదే.

పోయిన వేసవిలో, జంక్షన్లో నూజివీడు బస్సు కోసం నిలబడి ఉన్నాను. తోటల నుంచి కాయల ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి. ఏడెనిమిదేళ్ళ కూతురి చేయి పట్టుకుని ఒకావిడ దగ్గరికి వచ్చి, "నమస్కారం మాస్టారూ, గుర్తుపట్టారా?" అంది. మొహం చూడగానే వెలిగింది. "ఎందుకు పట్టనమ్మా, ఫలానా వాడి చెల్లెలివి కదూ!" అన్నాను. వాళ్ళ అన్న పేరు చెప్పాను. వాడు అల్లరి, మంచి గడుసువాడు, అయిదుతో ఆగిపోయాడు. ఆమె నవ్వింది.

ఆ అమ్మాయిని చూస్తే నాకు గుర్తొచ్చేది ఒకటుంది. మూడో తరగతిలో, ఏడో ఎక్కం దగ్గర, చెంప మీద ఒకటి వేశాను. చెవి కమ్మ తగిలి కాస్త రక్తం వచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. 2002 ఉత్తర్వు చదివినప్పుడూ, ఆ 78 అంకె విన్నప్పుడూ నా కళ్ళముందు ఆడింది ఆ కమ్మే. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నాను కనక, బస్టాండని కూడా చూడకుండా, "అమ్మా, నిన్నొకసారి కొట్టాను, తప్పు చేశాను" అన్నాను.

ఆమె నిజంగానే ఆలోచించింది. "కొట్టారా అండీ? నాకు గుర్తులేదండి. అప్పుడు అందరూ కొట్టేవారు కదండీ."

తేలికపడ్డాను. అంత తేలికపడటం తప్పని అప్పుడే అనిపించింది కూడా. బస్సు వస్తోంది. ఆమె కూతురి జుట్టు సర్దుతూ, నా వైపు చూడకుండా, నొచ్చుకోకండి అన్నట్టుగా మెల్లగా అంది: "మీరెప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదండి. వాడి చెల్లెలా, వాడి చెల్లెలా అనేవారు. ఇప్పుడూ అలాగే అన్నారు."

"అదేంటమ్మా," అన్నాను, "రోజూ పొద్దున్నే హాజరు పిలిచేవాణ్ణి కదా. నీ పేరు అందులో ఉండేదిగా."

"అప్పుడు పుస్తకంలోకి చూసేవారండి," అంది.

బస్సెక్కి కూర్చుంది, కిటికీలోంచి పిల్ల చేత టాటా చెప్పించింది.

ఇప్పుడు మా బడుల్లో హాజరు ఫోనులో వేస్తున్నారు.